మన్యములో తుపాకి, త్రుప్పు

టైడా మొదలు అనంతగిరి వరకు ఘాటుదారి ప్రక్కనున్న పల్లెలలో శ్రావణమాసమున ఇనుప వస్తువును నాలుగు దినములు పట్టించుకొనక విడిచినచో, కత్తియైనను గొడ్డలియైనను ఎర్రబారును. ఆ కొండల మంచు, ముసురు అట్టివి. దీనిని మనస్సున నుంచుకొని 1922 ఆగస్టునాటి మన్య చరిత్రను చదివినపుడు, సాధారణముగా ఎవరును అడుగని ప్రశ్న యొకటి మాకు తోచును. అల్లూరి సీతారామరాజుగారి దళము చేజిక్కించుకొనిన తుపాకులను వానలలో కాపాడుట ఎంత కష్టమై యుండును?

టైడాకు నైరుతి దిక్కున, అవే కొండల వరుసలో, చింతపల్లి యున్నది. ఆ నెల 22వ తేదీన చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై దళము వరుసగా పడెను. మూడుచోట్లను కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరకినవి. తీసికొనిన వాని వివరమును రాజుగారు ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసిరి. అప్పు తీసికొనువాడైనను అంత నిక్కచ్చిగా పత్రము వ్రాయడు! 1878 నాటి ఆయుధముల చట్టము క్రింద లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుట నేరము. మన్యవాసులకు విల్లంబులు, బల్లెములు, కొందరికి గొట్టమున మందు కూరు నాటు తుపాకులు మాత్రమే ఉండెడివి.

తుపాకి దొరకుట ఒక ఎత్తు, అది పనిచేయునట్లు నిలుపుకొనుట మరియొక ఎత్తు. ఆ కాలపు తూటా అడుగున నిప్పు పుట్టించు మందులో పొటాసియము క్లోరేటు ఉండెడిది. పేల్చినపుడు అది ఒక విధమైన ఉప్పుగా మారి గొట్టము లోపల అంటుకొనును. వానకాలమున మన వంటింటి ఉప్పు చెమ్మగిల్లునట్లే ఇదియు గాలిలోని తేమను పీల్చి, త్వరలోనే త్రుప్పు పట్టించును. నూనె ఈ ఉప్పును కరిగింపజాలదు, నీరే కరిగింపవలెను. కనుక ముందు గొట్టములో మరుగునీరు పోసి, పొడిగుడ్డతో తుడిచి, పిమ్మటనే నూనె పూయవలెను. బ్రిటిషు భారత సైన్యము వాడిన లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు మడమలో చిన్న అర యొకటి కలదు. అందులో ఒక నూనెబుడ్డియు, గొట్టము గుండ గుడ్డను లాగుటకు త్రాడును ఉండెడివి. ఠాణాలో ఈ పనికి నీడయు, తీరికయు కలవు. అడవిలో మకాము మార్చుచు తిరుగువారికి అవి యెక్కడివి?

అయినను ఆ తుపాకులు మూగవోలేదు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో దళము పొంచియుండి కాల్చగా స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు ఆంగ్ల అధికారులు మరణించిరి. కాని తూటాలు లెక్కకు తుపాకి ఒక్కంటికి సుమారు నూరు మాత్రమే, వాడినకొలది తరుగునవే. ప్రభుత్వమువారు దీనిని గ్రహించిరి. అక్టోబరులో దళము అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలకు చేరునప్పటికి ఆయుధములు అచట లేవు. మలబారు పోలీసులు, 1924లో అస్సాము రైఫిల్సు వచ్చుట అందరెరిగినదే. రాజుగారు 1924 మే 7న కాల్చి చంపబడిరి. ఆ పటాలములకంటె ఖాళీచేసిన ఠాణాలే ముందుగా దళమును దెబ్బతీసినవని మా అభిప్రాయము.

ఆ కాలపు సైనిక తుపాకి యొకటి నేడు ఏ ప్రదర్శనశాలకో క్రొత్తగా చేరినదనుకొందము. అందులో తూటా లేదని చూచుట మొదటి పని. పిదప, ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్లు దానిని తళతళలాడునట్లు తోమరాదు. పైపై త్రుప్పును పలుచని నూనెలో నానబెట్టి మెత్తని గుడ్డతో తీయవలెను. కొయ్యకు గరుకుకాగితము తగులరాదు; ఎండినచోట అవిసెనూనెను పలుచగా రుద్దిన చాలును. లోహముపై కొట్టిన కిరీటపు ముద్ర, సంవత్సరము, మడమపై చెక్కిన అంకెలు ఆ తుపాకి ఎక్కడ తయారైనదో, ఎవరి చేతులలో తిరిగినదో చెప్పగల గుర్తులు. ఉత్సాహవంతుడైన పనివాడు ఒక్క పూటలో వానిని అరగదీయగలడు. శుభ్రము చేసిన పిమ్మట తోలుసంచిలో కట్టి దాచుటయు మంచిది కాదు. తోలు తేమను పట్టి యుంచును. గాలి తగులుచోట నిలువబెట్టి, వానకాలమున వారమునకొకసారి నూనెగుడ్డతో తుడువవలెను.