జన్యువులో లేని నాలుగు అక్షరాలు

ట్రిపనోసోమా బ్రూసీ ఆఫ్రికాలో సెట్సీ ఈగ కాటుతో ఒంట్లోకి చేరే నిద్రజబ్బు పరాన్నజీవి. 1980ల్లో దాని మైటోకాండ్రియా డీఎన్‌ఏను చదివినవాళ్లకు ఒక జన్యువు దగ్గర లెక్క కుదరలేదు. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ రెండో ఉపభాగానికి చెందిన జన్యువది. మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతే 170వ అమైనో ఆమ్లం దగ్గర వరస తప్పుతోంది. ఒక గుండీ తప్పితే కింద గుండీలన్నీ తప్పినట్టు, అక్కణ్ణుంచి ప్రోటీన్ చెడిపోవాలి.

మొదట అనుమానించాల్సింది చదివినవాళ్లనే. కానీ దోమ పేగుల్లో బతికే క్రిథీడియాలోనూ, బల్లి నుంచి తీసిన లీష్మేనియాలోనూ అదే చోట అదే తప్పు కనిపించింది. ఇన్నిచోట్ల ఒకే పొరపాటు జరగదు.

పోనీ, అది చచ్చిన జన్యువా? అలాగైతే కాలక్రమంలో అక్షరాలు ఇష్టమొచ్చినట్టు మారిపోవాలి. కానీ మిగతా వరస ఈ జాతులన్నిటిలో దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. ఆ వాదనా నిలవలేదు.

1986లో ఆమ్‌స్టర్‌డామ్ బృందం ఒకటి డీఎన్‌ఏను పక్కనపెట్టి, దాని ఆర్‌ఎన్‌ఏ నకలును చదివింది. వరస తప్పిన చోట నాలుగు 'యు' అక్షరాలు ఎక్కువున్నాయి. ఒకటి చాలదా అంటే, చాలు. నాలుగులో మూడు మరో అమైనో ఆమ్లాన్ని చేరుస్తాయి, మిగిలిన ఒకటి వరసను సరిచేస్తుంది. నన్ను ఒప్పించింది ఈ కూడిక. సరైన జన్యువు ఇంకెక్కడైనా దాగి ఉందేమోనని వాళ్లు వెతికారు. దొరకలేదు.

నాలుగక్షరాలేగా అని తీసిపారేసే వీలు రెండేళ్లే ఉంది. 1988లో సియాటిల్ బృందం ట్రిపనోసోమా బ్రూసీలోనే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మూడో ఉపభాగం ఆర్‌ఎన్‌ఏను చదివింది. అందులో 547 యులు చేరాయి, 41 తొలగాయి. పూర్తయిన ఆర్‌ఎన్‌ఏ సందేశంలో సగానికి పైగా డీఎన్‌ఏలో లేనిదే.

మరి ఎక్కడ ఎన్ని చేర్చాలో చెప్పేదేమిటి? 1990లో లాస్ ఏంజిలస్ బృందం లీష్మేనియా డీఎన్‌ఏను కంప్యూటర్‌తో గాలించింది. మామూలు జతలతో పాటు జి-యు జతను కూడా ఒప్పుకుంటే, సవరించిన సందేశానికి సరిపోయే పొట్టి వరసలు బయటపడ్డాయి. ఎక్కడ ఎన్ని చేర్చాలో చెప్పే గైడ్ ఆర్‌ఎన్‌ఏలు వాటి నుంచే వస్తాయి. అప్పటిదాకా ఏ పనీ తేలని వేలాది చిన్న డీఎన్‌ఏ వలయాల్లోనూ అలాంటివే ఉన్నాయని అదే ఏడాది తేలింది.

ఇంత తిరుగుడు ఎందుకన్న దానిపై ఊహలు చాలా ఉన్నాయి. నేను వాటి జోలికి పోను.

ఇంతకీ మొదటి జన్యువుకు గైడ్ ఎక్కడుంది? వలయాల్లో వెతకనక్కర్లేదు. అది ఆ సందేశం తోకలోనే ఉంది.