సున్నం నుంచి వాల్‌పేపర్ దాకా: మన ఇంటి గోడల కథ



దసరా దగ్గర పడుతోంది. పది రోజులుగా మన గ్రూపులో ఒకటే చర్చ: ఈసారి ఇంటికి రంగు వేయించాలా, వాల్‌పేపర్ అంటించాలా? పిల్లలు ఫోన్లో చూసిన ఫొటోలు పెడుతున్నారు, పెద్దలు వద్దంటున్నారు, ఆడవాళ్లు ఖర్చు లెక్కలు అడుగుతున్నారు. ఒక్క మాటతో తేలే సంగతి కాదు గనక, మన గోడల మీద ఇంతకాలం ఏమేమి ఎక్కిందో మొదటినుంచి చెప్పుకుందాం. నిదానంగా చదవండి. కొంచెం పొడుగే.

మన పెద్దలు నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు జిల్లాల నుంచి బయలుదేరినప్పుడు వెనక వదిలిపెట్టింది మట్టి గోడల ఇళ్లు. కింద పేడతో అలుకుడు, గోడకు అడుగున జాజు, పైన సున్నం. మగ్గం గుంట ఉన్న గదిలో సున్నం తప్పనిసరి. తెల్ల గోడ ఉంటే వెలుతురు పెరుగుతుంది, తెగిన పోగు కంటికి కనబడుతుంది. పండుగకు వారం ముందు సున్నపురాళ్లు తెచ్చి కుండలో నీళ్లు పోస్తే సలసల కాగేది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. చల్లారిన తర్వాత వడగట్టి, పట్టు కోసం కాస్త బంక, తెలుపు మెరవడానికి చిటికెడు నీలం కలిపి నార కుంచెతో పూసేవారు. అది మగవాళ్ల పనో ఆడవాళ్ల పనో అని లేదు, ఇంటిల్లిపాదీ చేసేవారు.

సున్నాన్ని పేదవాడి రంగు అని ఇప్పుడు తీసిపారేస్తున్నాం కానీ దాని గుణం తెలుసుకోవాలి. పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ రాయిగా మారుతుంది. పైన పొరలా అంటుకుని ఉండదు, గోడలో భాగమవుతుంది. దానికి క్షారగుణం ఉంది కాబట్టి బూజు, పురుగు తొందరగా చేరవు. గోడలో తేమ ఉంటే బయటికి పోనిస్తుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక వాల్‌పేపర్. ఇది పూర్తిగా పరాయిదని మనవాళ్లు అనుకుంటారు. దాని పుట్టుకలో మన గుడ్డకూ ఒక పాత్ర ఉంది.

యూరప్‌లో కాగితం కంటే ముందు గోడలకు వేలాడదీసింది గుడ్డే. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1611లో వర్తక స్థావరం పెట్టింది, డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. కోరమండల్ తీరంలో నేసి, కలంతో రాసి, అద్దకం వేసిన బట్టలు ఓడలెక్కి వెళ్లి అక్కడి ధనవంతుల మంచాలకు తెరలుగా, గోడలకు కప్పుగా మారాయి. లండన్‌లో సామ్యూల్ పెపీస్ అనే ఉద్యోగి తన భార్య చదువుకునే గది గోడలకు కప్పడానికి భారతదేశపు అద్దకం గుడ్డ కొన్నానని 1663లో డైరీలో రాసుకున్నాడు. మనవాళ్ల గుడ్డ ఎంతగా అమ్ముడుపోయిందంటే అక్కడి నేతగాళ్లు గొడవకు దిగారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం చేసింది. ఆ కాలంలోనే గోడ కాగితం మీద అదే పూలు, అదే తీగలు అచ్చువేసి అమ్మడం పెరిగింది. గుడ్డ కొనలేనివాడికి కాగితం. ఇంగ్లండు సర్కారు 1712లో ఆ కాగితం మీద కూడా పన్ను వేసింది, 1836లో గాని ఎత్తేయలేదు. పన్ను తప్పించుకోవడానికి జనం తెల్ల కాగితం కొని గోడకు అంటించి, ఆ తర్వాత దాని మీద చేత్తో పూలు అద్దించుకునేవారట! జీఎస్టీ కాలంలో ఉన్న మనకు ఈ తెలివి కొత్తగా నేర్పనక్కర్లేదు.

తర్వాతి మలుపు ఇంకా మనకు దగ్గరిది. 1839లో లాంకషైర్‌లోని డార్వెన్ అనే ఊళ్లో, నూలు గుడ్డ మీద రంగులు అచ్చేసే రోలర్ యంత్రాన్ని కాగితం అచ్చుకు మార్చారు. అప్పటిదాకా చెక్క అచ్చులతో ఒక్కొక్కటిగా అద్దేవారు. యంత్రం రాగానే ధర పడిపోయి మామూలు ఇళ్లలోకి వాల్‌పేపర్ చేరింది. మన సాదా సాంచాకు పుట్టిల్లు కూడా ఆ లాంకషైరే. అంటే భివండీ సాంచా, వాల్‌పేపర్ మిషను ఒకే ప్రాంతపు చుట్టాలన్నమాట.

కానీ ఆ కాగితం జనానికి చేసిన కీడు కూడా ఉంది. 1775లో స్వీడన్‌లో షీలే అనే శాస్త్రవేత్త చేసిన ఆకుపచ్చ రంగులో పాషాణం ఉండేది. పచ్చటి గోడ కాగితం మోజు మీద ఆ రంగు ఇళ్లలో నిండిపోయింది. తేమ గదుల్లో మనుషులు ఊరికే జబ్బుపడేవారు. కారణం ఇటలీలో గోసియో అనే వైద్యుడు 1890లలో తేల్చాడు: కాగితం అంటించిన గంజిని తినే బూజు, రంగులోని పాషాణాన్ని విషవాయువుగా మార్చి గదిలోకి వదులుతోంది. ఇప్పటి కాగితాల్లో పాషాణం లేదు, భయపడకండి. గంజి, తేమ, బూజు మాత్రం ఇప్పటికీ అవే. గంజి పెట్టిన పడుగు వానాకాలంలో మూల పడితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

ఇప్పుడు మన బొంబాయికి, మన భివండీకి వద్దాం.

బొంబాయి గోడలకూ తెలుగువాళ్లకూ ఉన్న బంధం పాతది. నిజాం రాజ్యం నుంచి వెళ్లి ఇటుక, సున్నం మోసి ఆ నగరాన్ని కట్టిన కూలీలు కామాఠీలు, వారి పేరు మీదే కామాఠీపుర వచ్చింది. ఆ తర్వాత మిల్లుల్లో పనికి వెళ్లిన మనవాళ్లు చాళ్లలో ఉన్నారు. 1920లలో కట్టిన వర్లీ బీడీడీ చాళ్లలో ఒక్కో ఖోలీ నూట అరవై చదరపు అడుగులు. అందులో ఎంతమంది ఉండేవారో అడగకండి. అక్కడ గోడ అంటే అలంకారం కాదు, అలమార. మేకులు, తాళ్లు, మడతమంచం, దండెం, దేవుడి పటాలు. మేకులు కనబడని చోట పాత వార్తాపత్రికలు మైదా గంజితో అంటించేవారు. సున్నం రాలి పక్కబట్టల మీద పడకుండా. మన జాతి మొదటి వాల్‌పేపర్ అదే. దాని మీద మార్కండేయ మహర్షి క్యాలెండరు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. మిల్లులు మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. ఆ పని సాంచాలకు మళ్లింది, భివండీ ఒక్కసారిగా పెరిగింది. అంతకుముందే ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్లకు తోడు ఇంకెందరో వచ్చారు. పద్మానగర్, కామత్‌ఘర్, నార్పోలి. కింద గాలా, పైన ఖోలీ. రాత్రింబగళ్లు సాంచా దడదడలు, గోడలకు ఆ అదురు, ప్రతి అంచు మీద దూది నూగు. ఏడాదికొకసారి సున్నం కొడితే ఆ నూగంతా దులిపినట్టయ్యేది.

ఆ రోజుల్లోనే డిస్టెంపర్ వచ్చింది. 1942లో యుద్ధకాలంలో విదేశీ రంగుల దిగుమతి ఆగినప్పుడు బొంబాయిలో నలుగురు మిత్రులు మొదలుపెట్టిన ఏషియన్ పెయింట్స్, చవకైన ట్రాక్టర్ డిస్టెంపర్‌తో మామూలు ఇళ్లలోకి వచ్చింది. చేతిలో కుంచె, డబ్బాతో నిలబడ్డ గట్టు అనే పిల్లవాడి బొమ్మ గుర్తుందా? అది 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసింది. గులాబీ, లేత నీలం, పిస్తా. చొక్కా తగిలితే రంగు అంటేది, అయినా అదే గొప్ప. ఇంకో ముచ్చట ఉంది. రంగు ఆరాక పెయింటరు రబ్బరు రోలరు తెచ్చి గోడంతా పూల డిజైను దొర్లించేవాడు. పెళ్లి ఇంట్లో బంగారు రంగుతో. డార్వెన్ యంత్రం చేసిన పనే, ఇక్కడ చేత్తో. వాల్‌పేపర్ కొనలేని ఇంటికి అదే వాల్‌పేపర్. ఆ రోలర్లు ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

తర్వాత ఆయిల్ పెయింటు, ప్లాస్టిక్ పెయింటు వచ్చాయి. తుడిస్తే మరక పోతుంది, చూడటానికి బాగుంటుంది. రంగుల్లో సీసం గురించి ఒక మాట చెప్పాలి. పాత ఆయిల్ రంగుల్లో సీసం ఎక్కువ ఉండేది, పిల్లల మెదడుకు చెరుపు. 2016లో కేంద్రం నియమాలు తెచ్చింది. 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలకు మించకూడదు. కాబట్టి పాత తలుపులు, కిటికీలు పొడిగా గీకించకండి. తడిపి గీకించండి, ఆ సమయంలో పసిపిల్లల్ని ఇంట్లో ఉంచకండి.

ఇక అసలు లెక్క. మామూలు వాల్‌పేపర్ చుట్ట పన్నా 53 సెంటీమీటర్లు, పొడవు పది మీటర్లు. అంటే 57 చదరపు అడుగులు. గోడ కొలతను 57తో భాగించి ఇన్ని చుట్టలు చాలు అనుకుంటే సరిపోదు. పక్కపక్క పట్టీల్లో పువ్వుకు పువ్వు కలవాలి. డిజైను రిపీటు ఎంత పెద్దదైతే అంత కత్తిరింపు వృథా. జకార్డు నడిపినవాళ్లకు ఇది అరక్షణంలో అర్థమవుతుంది. దుకాణంవాడు ఒక చుట్ట అదనంగా చెబితే మోసం అనుకోవద్దు. ముందు రిపీటు ఎంతో అడగండి.

ఖర్చు ఒకవైపు. నార్పోలి వాన ఇంకోవైపు. తెలంగాణలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ ఠాణే జిల్లాలో దానికి రెండు రెట్ల పైనే, అదీ నాలుగు నెలల్లోనే కుమ్మరిస్తుంది. మన ఊరి అలవాట్లు ఇక్కడి గోడకు పనికిరావు. హైదరాబాదులో చుట్టాల ఇంట్లో వాల్‌పేపర్ ఐదేళ్లు నిలిచిందని ఇక్కడా నిలుస్తుందనుకోకూడదు. పడమర గోడకు వాన కొడుతుంది. మోరీ పక్క గోడకు పైపులోంచి నీరు ఊరుతుంది. అలాంటి గోడ మీద ప్లాస్టిక్ పూత కాగితం అంటిస్తే తేమకు బయటికి దారి ఉండదు. లోపల బూజు, తర్వాత వాసన, తర్వాత పిల్లలకు దగ్గు. ప్లాస్టిక్ పెయింటు కూడా ఆ గోడ మీద పొక్కులు లేస్తుంది, కానీ పొక్కు కంటికి కనబడుతుంది. కాగితం రెండేళ్లు దాచిపెడుతుంది.

కాగితం తేమనే కాదు, గోడలో పడిన చీలికనూ దాస్తుంది. అందుకే ఈ వ్యాసం ఇంత పొడుగు రాశాం. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున ధామన్‌కర్ నాకా దగ్గర పటేల్ కాంపౌండులో జిలానీ భవనం కూలిపోయింది. నిద్రలో ఉన్న ముప్పైమందికి పైగా చనిపోయారు. 2023 ఏప్రిల్ 29న వల్‌పాడలో ఇంకో భవనం కూలింది, అక్కడా ప్రాణాలు పోయాయి. ఇవి వాల్‌పేపర్ వల్ల జరిగాయని ఎవరూ అనడం లేదు. కానీ మనలో చాలామందిమి ఉంటున్నవి ముప్పై నలభై ఏళ్ల కట్టడాలు, కొన్నింటి కింద సాంచాల అదురు తగులుతూనే ఉంది. అలాంటి ఇంట్లో గోడ మీద కొత్తగా పడిన గీత, స్తంభం దగ్గర ఉబ్బిన ప్లాస్టరు, తుప్పు మరక కంటికి కనబడాలి. పెళ్లిచూపులకని, కొత్త భాడేకరుకు చూపించడానికని దాని మీద కాగితం అంటించడం మనలో మొదలైంది. పిల్లల మోజును మేము తప్పుపట్టడం లేదు. ఇల్లు నలుగురికీ అందంగా కనబడాలని మన పెద్దలూ కోరుకున్నారు, రోలరు పూలు అందుకే వేయించారు.

కాబట్టి మేము అనేది ఇది. వాన తగలని, నీటి పైపు లేని లోపలి గోడ ఒక్కటి ఎంచుకోండి. టీవీ వెనక గోడో, దేవుడి గూటి పక్క గోడో. దానికి వాల్‌పేపర్ వేయించుకోండి, ముచ్చట తీరుతుంది. మిగతా గోడలకు రంగు. పడమర గోడకు బయట వైపు ముందు వాటర్‌ప్రూఫింగ్, ఆ తర్వాతే లోపల రంగు. తేమ ఆగని పాత గోడ అయితే సిగ్గుపడకుండా సున్నమే కొట్టించండి. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉన్నవాళ్లు, తీసి అంటించుకునే స్టిక్కర్ కాగితం జోలికి పోయేముందు ఇంటి సేఠ్‌ను అడగండి. తీసేటప్పుడు దానితోపాటు రంగు ఊడివస్తే డిపాజిట్‌లో కోత పెడతారు.

గోడలో తేమ ఉందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు చుక్కలు పడితే తేమ గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు పడితే గాలి ఆడటం లేదని, కిటికీ తెరవాలని.

చీలికల విషయంలో మాత్రం ఇంటి పరీక్షలు వద్దు. ముప్పై ఏళ్లు దాటిన భవనానికి ఇంజనీరుతో పటిష్ఠత పరీక్ష చేయించాలని చట్టమే చెబుతోంది. ఒక్కొక్క కుటుంబం విడిగా అడిగితే ఇంటి యజమాని వినడు, వార్డు ఆఫీసులోనూ పట్టించుకోరు. మీ భవనం పేరు, ఎన్ని కుటుంబాలున్నాయి, గోడ ఫొటో, ఈ మూడు ఈ ఆదివారంలోగా గ్రూపులో పెట్టండి. వచ్చే వారం నలుగురం కలిసి మహానగరపాలిక వార్డు ఆఫీసుకు వెళ్దాం. ఇప్పటికే కాగితం అంటించినవాళ్లు స్తంభాల దగ్గర మాత్రం ఒక పట్టీ తీసి చూసి, ఫొటో పంపండి.