ఒకే దుంగ, రెండు పెట్టెలు

బల్మూర్‌ను ఆనుకునే నల్లమల ఉంది కాబట్టి టేకు ఇక్కడివాళ్లకు కొత్తేం కాదు. దర్వాజా చేయించేటప్పుడు చేవ ఎంతుంది, చార ఎటు పోయింది అని నిలదీస్తారు. అదే మనిషి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకో, ఎర్రగడ్డ సండే మార్కెట్‌కో పోయి పాత స్పీకర్లు బేరమాడితే మాత్రం మోత విని మురిసిపోతాడు. ఇంట్లో పక్కపక్కన పెట్టాక చూస్తే ఒకటి తేనె రంగు, ఇంకొకటి కాఫీ రంగు!

ఒకప్పుడు ఈ తంటాయే లేదు. 1935లో నిజాం సర్కారు హైదరాబాద్ రేడియో కేంద్రాన్ని తన చేతిలోకి తీసుకున్న నాటికి రేడియో అంటే ఒక్కటే చెక్కపెట్టె. ఇంగ్లండ్‌లో అలన్ బ్లమ్లీన్ 1931లోనే స్టీరియోకు పేటెంటు అడిగినా, స్టీరియో ఎల్పీలు బజారుకెక్కింది 1958లో. అప్పుడు పెట్టెలు రెండయ్యాయి, రంగు కలవాలన్న పట్టింపూ వచ్చింది.

అచ్చమైన చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అందుకే కంపెనీలు పెట్టెను ప్లైవుడ్‌తోనో చిప్‌బోర్డుతోనో చేసి, పైన అర మిల్లీమీటరు మందం టేకు, వాల్‌నట్, రోజ్‌వుడ్ వినీర్ అంటించాయి. పేరున్నవాళ్లు ఒకే దుంగ నుంచి వరసగా కోసిన పొరలను జోడీకి వాడేవారు. 1970లలో బీబీసీ ఇంజినీర్లు రూపొందించిన ఎల్ఎస్ 3/5ఏ స్పీకర్ల లాంటివి జోడీగానే విలువ పలుకుతాయి. వెనక సీరియల్ నంబర్లు జోడీవేనా అని చూడమనేది అందుకే.

అయినా వెలుగు ఊరుకోదు. వాల్‌నట్ ఏళ్ల తరబడి వెలుగు తగిలితే పాలిపోతుంది, చెర్రీ ముదురుతుంది, టేకు బంగారు గోధుమ రంగుకు తిరుగుతుంది. కిటికీ పక్కన ఉన్నదీ, మూలన ఉన్నదీ కవలలైనా వేరేలా తేలతాయి. ముందున్న జాలీ గుడ్డ ఊడదీస్తే అసలు రంగు కనబడుతుంది. కొనేవాడు చేయాల్సిన మొదటి పని అదే.

చవక పెట్టెలది వేరే కథ. చెక్క చారల బొమ్మ అచ్చేసిన వినైల్ కాగితం వాటికి తొడుగు. మూల దగ్గర గోటితో గీరితే అంచు లేస్తుంది. దానికి పాలిష్ పట్టదు, రెండింటికీ నల్ల రంగు వేయించుకోవడం నయం.

వినీర్ అయితే ఒక్కదాన్ని ముదురు చేయించి సరిపెట్టాలనుకోవడం దండగ. రంగు కలిసినా చార కలవదు. రెండింటినీ ఒకేసారి ఎమ్రీ పేపర్‌తో చేత్తో రుద్దించి, ఒకే డబ్బాలోని పాలిష్ వేయించాలి. మిషన్ పెడితే ఆ పలుచటి పొర లేచిపోయి కింది బోర్డు బయటపడుతుంది.