బి కణంలో ‘బి’ ఎవరిది?

కొండనాలుకకు అటూ ఇటూ ఉండే టాన్సిళ్ల పైపొర నున్నగా ఉండదు. లోపలికి సన్నటి గుంటలు దిగుతాయి. ఆ గుంటల గోడ జల్లెడలా ఉంటుంది. సందుల్లో తెల్లరక్తకణాలు కాపు కాస్తుంటాయి. వాటిలో ముఖ్యమైనవి యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు. ‘బి’ అంటే బోన్ మ్యారో అనుకుంటాం. బడిలో నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను! నిజానికి ఆ అక్షరం కోడిది. కోడి తోక దగ్గర, లోపల, ‘బర్సా’ ఉంటుంది. లాటిన్‌లో ఆ మాటకు సంచి అని అర్థం. పుట్టిన కొత్తలోనే ఆ సంచి తీసేసిన కోళ్లలో యాంటీబాడీలు సరిగా తయారు కావడం లేదని 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్ బృందం ప్రకటించింది. ఆ వ్యాసం అచ్చయింది వైద్య పత్రికలో కాదు, ‘పౌల్ట్రీ సైన్స్’లో. మనిషికి ఆ సంచి లేదు. మన బి కణాలు ఎముక మజ్జలోనే పుడతాయి. పేరు మాత్రం కోడి పెట్టిందే.