వాన దారిలో సైకిల్ చైను

బ్రిటన్‌లో చలికాలం వచ్చిందంటే రోజూ సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. చైనుకు ఏం వెయ్యాలి? చిక్కటి నూనె వేస్తే వానకు తట్టుకుంటుంది గానీ రోడ్డు మీది మట్టినంతా అంటించుకుంటుంది. పల్చటిది వేస్తే శుభ్రంగా ఉంటుంది గానీ ఒక్క జల్లుకే కొట్టుకుపోతుంది. అందుకే దుకాణాల్లో వానకొక సీసా, ఎండకొక సీసా అమ్ముతారు. ఏ సీసా మేలన్న చర్చకు అంతు లేదు. సైకిల్ చరిత్ర చూస్తే ఇది రెండో ప్రశ్న అనిపిస్తుంది. మొదటి ప్రశ్న, చైను వానలో ఎందుకు తడవాలి అన్నది. వందేళ్ళకు పైగా వెనక్కి వెళితే దానికి మంచి జవాబే దొరుకుతుంది. ఆ జవాబును పక్కన పెట్టాకనే నూనె ఎంపిక ఇంత పెద్ద సమస్య అయిందని నా వాదన.

ఎత్తయిన ముందు చక్రానికే పెడళ్ళుండే పాత సైకిళ్ళకు చైను లేదు, కనుక చైను బాధా లేదు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిల్‌తో పెడళ్ళు రెండు చక్రాల మధ్యకు వచ్చాయి, వెనక చక్రాన్ని తిప్పే పని చైనుది అయింది. అంతకు ఐదేళ్ళ ముందే, 1880లో, స్విట్జర్లాండ్ నుంచి మాంచెస్టర్ వచ్చి స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ బుష్‌లూ రోలర్లూ ఉన్న చైనుకు పేటెంట్ తీసుకున్నాడు. నేటి చైన్లకు మూలం అదే. అందులో ప్రతి కీలులోనూ ఒక పిన్ను బుష్ అనే చిన్న గొట్టం లోపల తిరుగుతుంది. అరుగుదల అక్కడ, కంటికి కనపడని చోట, మొదలవుతుంది. చైను సాగింది అంటాం గానీ ఉక్కు సాగదు. వంద కీళ్ళలో ఒక్కొక్కటీ వెంట్రుకవాసి అరిగి, ఆ అరుగులన్నీ కలిసి పొడవుగా తేలతాయి. పన్నెండు అంగుళాల పొడవులో అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే సమయం వచ్చినట్టే. ఇంత సున్నితమైన యంత్రభాగాన్ని రోవర్ తెచ్చి నేలకు జానెడెత్తున, ముందు చక్రం బురద చిమ్మే దారిలో పెట్టింది. ఆనాటి రోడ్లకు తారు లేదు. వానపడితే కంకరపొడీ గుర్రాల పేడా కలిసిన బురదే.

అప్పటి తయారీదార్లు ఈ ఇబ్బందిని బాగా గుర్తించారు. ముందుగా తట్టినవి కందెనలే. కరిగించిన పశువుల కొవ్వులో గ్రాఫైట్ కలిపి చైను నానబెట్టేవారు. పొడిగా రుద్దే గ్రాఫైట్ కడ్డీలు వచ్చాయి. 1894లో అమెరికాలోని న్యూజెర్సీలో జార్జ్ కోల్ త్రీ-ఇన్-వన్ నూనెను సైకిళ్ళ కోసమే తయారుచేశాడు. అంటే తడి కందెనా పొడి కందెనా అన్న తగువు నేటిది కాదు, చైనుతో పాటే పుట్టింది. కొందరు చైనునే వదిలించుకోవాలనుకున్నారు. 1890ల చివర కొలంబియా కంపెనీ చైను బదులు పళ్ళచక్రాలూ ఇరుసూ పెట్టిన సైకిల్‌ను పెద్ద ఎత్తున అమ్మకానికి పెట్టింది. బరువూ ధరా ఎక్కువై అది నిలవలేదు. ఇలా చైను లేకుండా చేసుకునేదాకా వెళ్ళారంటే అప్పటి కందెనలు సరిపోలేదనే అర్థం.

నిలిచిన ఆలోచన వేరు: చైనును పూర్తిగా మూసెయ్యడం. హారిసన్ కార్టర్ నూనె తొట్టి ఉన్న చైన్ కేసుకు పేటెంట్ తీసుకుని ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్నాడు. వుల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్స్టన్, రేకు మీద నల్లటి మెరుగుపూత వేసే వ్యాపారం నుంచి సైకిళ్ళలోకి వచ్చి, తన సన్‌బీమ్ సైకిళ్ళకు ‘లిటిల్ ఆయిల్ బాత్’ అనే చిన్న కేసు పెట్టాడు. రేకు పెట్టెలో చైను తిరుగుతుంది, లోపలి నూనె దాన్ని తడుపుతూ ఉంటుంది, వాన లోపలికి రాదు. అలాంటి కేసులో ఉన్న చైనుకు ఏ నూనె అన్న ప్రశ్న దాదాపు అర్థం కోల్పోతుంది. నీళ్ళూ ఇసుకా చేరని చోట మామూలు యంత్రాల నూనె చాలు. సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గర్ లాంటివాళ్ళు సన్‌బీమ్‌ల మీద ఊళ్ళు తిరిగారంటే ఆ సైకిల్‌కు ఎంత పేరుండేదో ఊహించవచ్చు.

ఆ కేసులన్నీ ఆడవాళ్ళ గౌనులు చైనులో పడకుండా పెట్టినవేనని ఒక అభ్యంతరం ఉంది. కొంత నిజమే. అయితే గౌను కాపాడటానికి పై భాగం కప్పితే చాలు, నూనె తొట్టి అక్కర్లేదు. పైగా సన్‌బీమ్ మగవాళ్ళ సైకిళ్ళకూ అదే పూర్తి కేసు వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఆ పద్ధతి ఎప్పుడూ పోలేదు. ఏడాది పొడవునా వానా ఉప్పుగాలీ ఉండే ఆ దేశంలో రోజువారీ సైకిళ్ళకు చైనును నిండా కప్పే పెట్టెలు ఇప్పటికీ మామూలు. మన ఊళ్ళలో తిరిగిన హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. సైకిళ్ళ నిండు చైన్ కవర్ కూడా ఈ బ్రిటిష్ వంశానిదే.

మరి బ్రిటన్‌లో అది ఎందుకు పోయింది? కారణాలు చిన్నవి కావు. కేసు బరువు. కాస్త వంగితే చైనుకు తగిలి చప్పుడు చేస్తుంది. వెనక టైరు పంక్చరైతే చక్రం విప్పడం పెద్ద పని. అన్నిటికన్నా ముఖ్యం గేర్లు. చైను ఒక పళ్ళచక్రం నుంచి పక్కదానికి దూకే డిరైలర్ పద్ధతిలో చైను అటూ ఇటూ జరగాలి, ఇరుకైన పెట్టెలో అది కుదరదు. టూర్ డి ఫ్రాన్స్ నిర్వాహకులు 1937లో డిరైలర్లకు అనుమతి ఇచ్చాక రేసు సైకిల్ రూపమే మారింది. తర్వాతి దశాబ్దాల్లో మామూలు జనం కొనే సైకిళ్ళూ ఆ రూపాన్నే అనుకరించాయి. గేర్లు కావాలంటే కేసు వదులుకోక తప్పదనేవారికి నా జవాబు ఇది: నాటింగ్‌హామ్‌కు చెందిన స్టర్మీ-ఆర్చర్ వారి మూడు గేర్ల హబ్ 20వ శతాబ్దం మొదట్లోనే వచ్చింది. గేర్లు చక్రం మధ్యలో ఉంటాయి, చైను పక్కకు జరగదు, కేసు అలాగే ఉండవచ్చు. 1998లో జర్మనీ నుంచి వచ్చిన రోలాఫ్ హబ్‌లో 14 గేర్లున్నాయి. కనుక కేసు వదులుకోవాల్సింది రేసులకే గానీ, రోజూ ఆఫీసుకు వెళ్ళేవాడికి ఆ అవసరం పడలేదు. అతని అవసరాన్ని ఎవరూ విడిగా ఆలోచించలేదు, అదే నాకు బాధ కలిగించే విషయం.

ఇప్పటి కందెనలు ఎంతో మెరుగయ్యాయి, కేసెందుకు అనవచ్చు. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం చైను ఎంత శక్తిని చేరవేస్తుందో కొలిచింది. అత్యుత్తమ స్థితిలో 98.6 శాతం వచ్చింది. చైను బిగువూ పళ్ళచక్రాల పరిమాణమూ తేడా చూపాయి గానీ, కందెన మారిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కందెన అసలు పని దుమ్ము చేరకుండా చైను కీళ్ళలోని ఖాళీని నింపి ఉంచడమేనని స్పైసర్ అభిప్రాయపడ్డాడు. తర్వాతి సున్నితమైన కొలతలు కందెనల మధ్య కొన్ని వాట్ల తేడా చూపిన మాటా నిజమే, వాటిలో కరిగించిన పారఫిన్ మైనం మంచి స్థానమే సంపాదించింది. రేసు గెలవాలనుకునేవాడికి ఆ వాట్లు విలువైనవి. కానీ అవి ప్రయోగశాల కొలతలు. రోడ్డు మీద ఇసుకరేణువు నూనెతో కలిస్తే సానరాయి ముద్ద అవుతుంది. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు నీళ్ళతో కలిసి ఉక్కును తినేస్తుంది. మైనం శుభ్రంగా ఉంటుంది గానీ గంటల తరబడి వానలో తిరిగితే లోహం బయటపడి తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది. చిక్కటి నూనె తుప్పును ఆపుతుంది, ఇసుకను ఆపలేదు. రెండింటినీ ఆపే సీసాను ఎవరూ తయారుచెయ్యలేకపోయారు, రేకు పెట్టె ఆ పని 1890ల్లోనే చేసింది.

డిరైలర్ సైకిలే ఉన్నవారు చలికాలానికి వానకు నిలిచే చిక్కటి నూనె ఎంచుకోవాలి. ఒక్కో కీలుకు ఒక్క బొట్టు వేసి, కాసేపాగి పైనున్నదంతా గుడ్డతో తుడిచెయ్యాలి, ఎందుకంటే పని చేసేది లోపలి నూనె, మట్టి పట్టేది పైనూనె. వానలో తిరిగొచ్చిన ప్రతిసారీ చైను తుడిచి ఆరబెట్టడం ఏ బ్రాండు ఎంపిక కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. కొత్తగా కొనేవారు మాత్రం, రోజూ తడిలో తిరిగే పని ఉంటే, నూనె సీసా కన్నా ముందు హబ్ గేర్లూ నిండు చైన్ కేసూ ఉన్న సైకిల్ అడగండి.