కొండవీట కర్పూర వసంతం

ఎండలు ముదిరితే గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు ఇళ్లలో మాట ఊటీ మీదికో అరకు మీదికో మళ్లుతుంది. రెంటచింతల ఉష్ణోగ్రత ఏటా పేపరుకెక్కే సీమ ఇది. నల్లరేగడి నోళ్లు తెరుస్తుంది. కళ్లాల్లో మిరపకాయలు ఎండుతుంటే పక్కనుంచి వెళ్లేవాడికి కూడా కళ్లు మండుతాయి. ఇంత ఎండ కాసే ఈ నేలకు కొండ మీద తనదంటూ ఒక ఊరుండేది. అక్కడ వసంతాన్ని ఏటేటా ఉత్సవంగా జరిపి, ఆ ఉత్సవం పేరే తన బిరుదుగా చేసుకున్న రాజొకడుండేవాడు. ఆ ఊరు ఎక్కడో లేదు. గుంటూరుకు పడమరగా పాతిక కిలోమీటర్ల లోపే, ఫిరంగిపురం, యడ్లపాడు పొలాల మధ్య ఉంది. అదే కొండవీడు.

చిలకలూరిపేట వైపు వెళ్లే హైవే మీద నుంచి చూస్తే చదును నేలలోంచి ఒక్కసారిగా లేచిన కొండల వరస కనిపిస్తుంది. అందులో ఎత్తైన శిఖరం దాదాపు 1,700 అడుగులు. హిమాలయాలు చూసినవాళ్లకు ఇదొక లెక్క కాదు. కానీ ఐదొందల మీటర్లు ఎక్కితే గాలి మామూలుగా మూడు డిగ్రీలు చల్లబడుతుంది. మే నెలలో పల్నాటి మనిషికి మూడు డిగ్రీలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అంతకన్నా పెద్ద విశేషం నీళ్లు. కింద ఊళ్లో బావులు ఎంత లోతంటే, వాటి చాంతాడు తెలుగునాట సామెతగా నిలిచిపోయింది. పైన మాత్రం వాననీరు లోయల్లోకి జారి నిలిచేలా కట్టలు వేసి చెరువులు చేశారు. పుట్టాలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఇప్పటికీ ఉన్నాయి. నీళ్లు కింద కరువై కొండ మీద నిలిచిన చోటు ఇది. రెడ్డిరాజులు ఇక్కడే కోట కట్టడానికి శత్రుభయం ఒక కారణమైతే, నా దృష్టిలో ఈ నీళ్లు రెండో కారణం.

రెడ్డిరాజ్యం మొదట అద్దంకిలో మొదలైంది. 1325 ప్రాంతంలో దాన్ని నిలబెట్టిన ప్రోలయ వేమారెడ్డికి కొండలంటే భక్తి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినవాడు ఆయనే. అంతకుముందు అడవిలో రాళ్లు పట్టుకుని పాకినవాళ్లు ఆ తరవాత మెట్ల మీద నడిచారు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఈ అనవోతుడే 1358లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించి, సముద్రం మీద వచ్చే వర్తకులకు సుంకాల్లో రాయితీలిచ్చి, వాళ్ల సరుకుకు అభయమిచ్చాడు. పాత ప్రకాశం జిల్లా తీరంలో చినగంజాం దగ్గర ఇప్పుడు చిన్న పల్లెగా మిగిలిన మోటుపల్లిని, కొండ మీది కోటను కలిపి చూడకపోతే కొండవీటి వసంతం మనకు అర్థం కాదు.

అప్పటికి డెబ్బై ఏళ్ల ముందే వెనిస్ యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యం గురించి రాశాడు. ఇక్కడి నూలుబట్ట సాలెగూడంత పలచనని, దాన్ని కట్టుకోవడానికి ఏ రాజైనా ఏ రాణైనా సంతోషిస్తారని పొగిడాడు. ఆ పలచని బట్ట వెనక ఈ సీమ పత్తి ఉంది, రాట్నాల ముందు కూర్చున్న ఆడవాళ్ల వేళ్లున్నాయి. పోయే ఓడల్లో బట్ట పోయింది, వచ్చే ఓడల్లో సుగంధాలొచ్చాయి. ఆ వ్యాపారం చేసిన శెట్లలో అవచి తిప్పయ్య శెట్టి పేరు మనకు బాగా తెలియడానికి కారణం శ్రీనాథుడు. హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు కవి. పంజారం నుంచి కర్పూరం, సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు, ఇంకా కస్తూరి, సంకుమదం తెప్పించేవాడని అందులో చెప్పాడు. పంజారమంటే సుమత్రా దీవిలోని చోటని చరిత్రకారుల మాట. కావ్యం పీఠిక దిగుమతి లెక్కల పుస్తకంగా కూడా పనికొచ్చే అరుదైన సందర్భమిది.

సుమత్రా అడవుల కర్పూరం కొండవీడెక్కింది కుమారగిరిరెడ్డి కోసం. 1386 నుంచి 1402 దాకా ఏలిన ఈ రాజు బిరుదు కర్పూర వసంతరాయలు. వసంతోత్సవం నాడు కర్పూరం పొడి, గంధం, కస్తూరి, పన్నీరు వెదజల్లేవారు. కవులొచ్చేవారు, ఆటకత్తెలొచ్చేవారు, గానాలు, నాటకాలు నడిచేవి. రాజు స్వయంగా నాట్యశాస్త్రం మీద వసంతరాజీయమనే గ్రంథం రాశాడు. అది మనకు దక్కలేదు. ఆయన బావమరిది, మంత్రి అయిన కాటయవేముడు కాళిదాసు మూడు నాటకాలకూ వ్యాఖ్యానం రాసి దానికి బావ పేరే పెట్టాడు, కుమారగిరిరాజీయమని. ఆ మూడింటిలో ఒకటైన మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలోనే, ఈ నాటకం వసంతోత్సవానికి ఆడుతున్నామని సూత్రధారుడి చేత చెప్పించాడు కాళిదాసు. వసంతోత్సవాల కోసం పుట్టిన నాటకం వందల ఏళ్ల తరవాత మరో వసంతోత్సవాల కొలువులో వ్యాఖ్యానం పొందిందన్నమాట. పండితులు ఆ వ్యాఖ్యానాన్ని సంస్కృత విద్యగా చదువుతారు. నాకైతే అందులో ఆట చూసొచ్చినవాడి ఉత్సాహం వినిపిస్తుంది. కొలువులో నర్తకి లకుమాదేవి అభినయాన్ని మెచ్చుకున్నది కూడా ఈ కాటయవేముడే. ఆ ఆధారాన్ని పట్టుకునే సినారె 1957లో కర్పూర వసంతరాయలు గేయకావ్యం వెలువరించాడు. మన తరాలకు లకుమ పేరు తెలిసింది అలాగే.

కుమారగిరిని విలాసపురుషుడని, రాజ్యం కాటయవేముడి మీద వదిలి ఆటపాటల్లో మునిగాడని చరిత్రపుస్తకాలు తప్పు పడతాయి. అది కొంత నిజమే. ఆయన తరవాత రాజ్యం కొండవీడు, రాజమహేంద్రవరం శాఖలుగా చీలి కొట్టుకుంది. కానీ యుద్ధం చేసిన ప్రతి రాజునూ పొగిడి, వసంతాన్ని పండుగ చేసినవాణ్ణి మాత్రం నిలదీయడం నాకు న్యాయంగా తోచదు. నా ఫిర్యాదు వేరు. ఏ కావ్యమూ ఆ కర్పూరం పొడి కింద చేలో పత్తి ఏరే మనిషి మీద పడిందని చెప్పలేదు. ఉత్సవం ఖర్చు మాత్రం చేల మీదే పడి ఉంటుంది. నలభై ఏళ్లయినా తిరక్కముందే, ఆ గద్దె మీద కూర్చున్న రాచవేముడు బిడ్డ పుడితే పురిటి సుంకం కట్టమన్నాడని, ఆ కోపంలో సవరం ఎల్లయ్య అనే బంటు అతన్ని పొడిచి చంపాడని జనం చెప్పుకునే కథ. 1424తో కొండవీట రెడ్ల పాలన ముగిసింది. గజపతులొచ్చారు, 1515లో కృష్ణదేవరాయలు గెలిచాడు, 1579లో గోల్కొండ సుల్తానులు తీసుకుని ముర్తుజానగర్ అన్నారు. 1788కి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. ఈ మూడున్నర శతాబ్దాల్లో కొండ మీద పహరా సాగింది గానీ వసంతోత్సవం మళ్లీ రాలేదు.

అయితే ఈ మైదానం రైతు తన కొండ పండుగను తనే చేసుకున్నాడు. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్లకు రాజు అక్కర్లేదు. మహాశివరాత్రికి పత్తి ఏరుడు చివరికొచ్చి చేతిలో నాలుగు డబ్బులుంటాయి. చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టూ ఊళ్లలో వెదురుతో, రంగు కాగితాలతో, బల్బులతో అరవై, ఎనభై అడుగుల ప్రభలు కట్టి బండ్ల మీద నిలిపి త్రికూటేశ్వరుడి కొండ కిందికి తోలుకొస్తారు. మా ఊరి ప్రభ ఎత్తంటే మా ఊరిదని పందెం. రాత్రంతా పాటకచేరీలు, మిఠాయి కొట్లు, రంగులరాట్నాలు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు ఆ రోజుల్లోనే. కొండవీటి పండుగను కావ్యాలు మోశాయి. కోటప్పకొండ పండుగను ఎద్దులు మోశాయి, అందుకే అది నేటికీ నడుస్తోంది.

కొండవీటికి ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది. 2019లో ప్రభుత్వం కొండవీటి ఉత్సవాలు జరిపింది. ఆదివారాలు గుంటూరు నుంచి కుర్రాళ్లు బైకుల మీద వస్తున్నారు, సంతోషం. కానీ కారులో ఎక్కి, ఫొటో దిగి, గంటలో దిగిపోతే ఈ కొండను చూసినట్టు కాదు. కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా, బురుజులు, చెరువు కట్టలు, గుడి మండపాలు, మసీదు, సీతాఫలం పొదలు, ఇవన్నీ కాలినడక మనిషికే కనబడతాయి. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మంచి కాలం. పొద్దున్నే ఎక్కడం మొదలుపెడితే ఎండెక్కేసరికి చెరువు దగ్గరికి చేరతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పైనుంచి చూస్తే కింద కళ్లాలన్నీ ఎర్రగా పరిచి ఉంటాయి. కుమారగిరి ఈ ఎరుపును చూడలేదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చేసరికి ఆయన పోయి నూరేళ్లు దాటింది.

ఈ కొండకు కావలసినవి పెద్ద కోరికలేం కాదు. పాత కాలిబాట ముళ్లకంపలు కొట్టి, దారి గుర్తులు పెట్టాలి. మూడు చెరువుల పూడిక తీయాలి. బడిపిల్లలకు ఇక్కడి చరిత్ర చెప్పగల గైడ్లను చుట్టుపక్కల ఊళ్ల యువకుల్లోంచే తయారు చేయాలి. చైత్రంలో ఒక పౌర్ణమి సాయంత్రం కోటలో నాటకం ఆడించాలి, కాళిదాసుదైనా సరే, మన కూచిపూడి భాగవతులదైనా సరే. దానికి మొదటి వరసలో పత్తి చేల నుంచి, మిరప కళ్లాల నుంచి వచ్చిన కూలీలను కూర్చోబెట్టాలి. పాలకులు చేసేదాకా ఆగకుండా మీరు ఈ శీతాకాలం పిల్లల్ని వెంటబెట్టుకుని ఒకసారి నడిచి ఎక్కండి. నీళ్లు మోసుకెళ్లండి, ఖాళీ సీసాలు తిరిగి కిందికి తెచ్చుకోండి.