సూది తగలని బొంత

కిమ్‌లో పొద్దున రైలెక్కితే సూరత్ ఎంతో దూరం లేదు. మొన్న చలికాలంలో పెద్దమ్మను సరస్ మేళాకు తీసుకెళ్లాను. సిరిసిల్ల నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్లుగా ఇక్కడి సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో బతికిన మనిషి. గుడ్డ చూపించి ఆమెను మెప్పించడం కష్టం. ఊరూరి మహిళా సంఘాల దుకాణాలన్నీ తిరిగింది. పచ్చళ్లకు వంక పెట్టింది, చీరల అంచులు నలిపి వదిలేసింది. భరూచ్ వాళ్ల దుకాణంలో ఎరుపూ తెలుపూ గళ్ల రజాయి ఒకటి కనపడ్డాక మాత్రం కదల్లేదు. అంచు మడిచింది, తిరగేసింది, రెండు గళ్ల సందును గోటితో గీరింది.

"కుట్లు ఏడున్నయ్ బిడ్డా?" అంది.

లేవు. దాన్ని సుజని అంటారు.

మనకు తెలిసిన బొంతకు కుట్టే ప్రాణం. పాత చీరలు నాలుగైదు పొరలు పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి తిరుగుతూ కుట్టుకొస్తారు. చీర పాతదే కావాలి. ఉతికి ఉతికి నలిగితేనే అన్ని పొరల్లోంచి సూది సాఫీగా దిగుతుంది, ఒంటికి మెత్తగా తగులుతుంది. సంస్కృతంలో కంథ అన్నా, బెంగాల్లో కాంథా అన్నా, గుజరాతీలో గోదడి అన్నా పుట్టుక మాత్రం ఒకటే: పారేయలేని గుడ్డ. బౌద్ధ భిక్షువులు దుమ్ములో దొరికిన పేలికలు కలిపి కుట్టుకునేవారు. మగధ వరిమళ్లను, వాటి గట్లను చూపించి చీవరాన్ని అలా కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని వినయ పిటకం చెబుతుంది. అతుకుల బొంతకు అంతకంటే పాత నమూనా నాకు తెలియదు.

గుజరాత్‌కు ఇంకో బొంత చరిత్ర కూడా ఉంది. అది పేదలది కాదు. 16వ శతాబ్దం మొదట్లో ఖంభాత్ గురించి రాసిన పోర్చుగీసు దువార్తె బర్బోసా అక్కడి రజాయిలను, మంచం పైకప్పు గుడ్డలను మెచ్చుకున్నాడు. 1613లో సూరత్‌లో ఇంగ్లీషు కంపెనీ కోఠీ పెట్టుకున్నాక ఈ తీరపు రజాయిలు లండన్ మంచాల మీదికీ చేరాయి. ఎంత దూరం వెళ్లినా అవన్నీ సూది పనితనమే.

భరూచ్ సుజని ఈ వంశంలో పుట్టలేదు. అది మగ్గం బిడ్డ. మామూలు మగ్గంమీద ఒక్క గుడ్డే దిగుతుంది. సుజనికి పైన ఒక పొర, కింద ఒక పొర, రెండూ ఒకేసారి నేస్తారు. కొంత నేసేసరికి రెంటి మధ్య చిన్న చిన్న అరలు ఏర్పడతాయి. వాటి నోళ్లు తెరిచి ఉండగానే ఒక్కో దాంట్లో చేత్తో దూది కూరతారు. తర్వాత పై నూలు కిందికి, కింది నూలు పైకి మారుతుంది. అర మూసుకుపోతుంది, గడి రంగు తారుమారవుతుంది. మళ్లీ నాడె, మళ్లీ దూది. పని పూర్తయ్యేసరికి ముందూ వెనకా తేడా తెలియని రజాయి దిగుతుంది. బీహార్‌లోనూ సుజని ఉంది గానీ అది పాత చీరలమీద వేసే కుట్టుపని. పేరు కలిసింది, అంతే.

ఈ విద్య భరూచ్‌కు ఎలా వచ్చింది? 1860ల నాటి మాటగా ఒక కథ చెబుతారు. ఈ ఊరివాడొకడు అండమాన్ శిక్షకు వెళ్లి అక్కడ ఈ నేత నేర్చుకుని తిరిగొచ్చాడట. కొందరు ఇందులోకి సెల్యులార్ జైలును కూడా లాక్కొస్తారు. అది మాత్రం పొసగదు: ఆ జైలు పూర్తయింది 1906లో. అయితే అండమాన్‌కు ఖైదీలను పంపడం 1858లోనే మొదలైంది కాబట్టి అసలు కథకు చోటు లేకపోలేదు. ఎక్కడెక్కడి నేతగాళ్లో, ఎన్ని భాషలవాళ్లో ఒకే దీవిలో పడ్డ రోజులవి. బాంబే బరోడా రైలు కంపెనీ తొలి లైను కూడా 1860లోనే అంకలేశ్వర్ నుంచి ఉత్రాన్ దాకా నడిచింది. మా కిమ్ ఆ దారిలోదే.

ఇవాళ అదే దారికి అటూ ఇటూ గంటకు ఎన్ని మీటర్ల పాలిస్టర్ దిగుతుందో లెక్క కట్టలేం. సుజని నేసే ఇళ్లు మాత్రం కొన్నే. ఈ మధ్యే దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

పెద్దమ్మకు ఇవేవీ పట్టలేదు. "రెండు పడుగులా?" అని అడిగి, దుకాణంలో అబ్బాయి అవునంటే, ఎవరో చుట్టం కనపడ్డట్టు నవ్వింది. తర్వాత ఓ గడిని వేళ్ల మధ్య నొక్కి, తనకొచ్చిన గుజరాతీలో ఇంకో ప్రశ్న వేసింది: ఇది చిరిగితే ఎట్లా?

అబ్బాయి తల గోక్కున్నాడు. "అప్పుడు సూదే, మాసీ."

పెద్దమ్మ బేరం మొదలుపెట్టింది.